అనువాదకుల కూలి

క్రీస్తుశకము 301వ సంవత్సరమున రోమకచక్రవర్తియైన డయొక్లీషియను తన సామ్రాజ్యమందలి సరకుల ధరలకును పనివాండ్ర కూలికిని పరిమితి యేర్పఱచుచు నొక శాసనమును వెలువరించెను. గోధుమలు, ద్రాక్షసారాయి, చెప్పులు మొదలుకొని క్రీడారంగమునకు దెచ్చెడి సింహముల వఱకు వెలగట్టిన యా శాసనమున వ్రాయసకాండ్రను గూడ మఱవలేదు. మేలైన వ్రాతకు నూఱుపంక్తులకు 25 దినారములు, రెండవతరగతి వ్రాతకు 20, అర్జీలును దస్తావేజులును వ్రాయువానికి 10 అని యందు గలదు. ఆ శాసనమే పొలముపని చేయువానికి తిండి పెట్టి దినమునకు 25 దినారము లిమ్మనుచున్నది. నూఱుపంక్తులు ముత్యములవలె వ్రాసినవాడు ఒకదినము పొలమున పాటుపడినవానితో సమానమయ్యె నన్నమాట. అందును పొలమువానికి తిండి యజమానునిది, వ్రాతగానికి తిండి తనది.

ఇందు రెండుసంగతులు గమనింపదగినవి. వ్రాతపనిని దినములతో గాక పంక్తులతో గొలుచుట మిక్కిలి పాతవాడుక యనుట యొకటి. ఆ శాసనము ఇంతకు మించి యీయరాదని చెప్పెనే కాని, ఇంతకు తగ్గించి యీయరాదని చెప్పలే దనుట రెండవది. పదునేడువందల యేండ్లు గడచినను తర్జుమాపని విషయమున నీ రెండవలోపము తీరినది కాదు.

నేడు విద్యావంతు లనేకులు ఇంట గూర్చుండి, అంతర్జాలముద్వారా దూరదేశములనుండి తర్జుమాపని తెచ్చుకొని జీవించుచున్నారు. వారిలో పసిబిడ్డల తల్లులు కలరు, విశ్రాంతి పుచ్చుకొన్న ఉపాధ్యాయులు కలరు, పట్టములు సంపాదించియు కొలువు దొరకని యువకులు కలరు. పని యిచ్చువాడు వారి మొగ మెఱుగడు. వారు నతని మొగ మెఱుగరు. కూలి పదమునకింత యని నిర్ణయము. మందులతో వచ్చెడి సూచనల కాగితములు, బ్యాంకుల నిబంధనలు, పిల్లల పాఠములు, ఇట్లు మన యిండ్లలోనికి వచ్చు తెలుగు కొంత యీ మార్గముననే తయారగుచున్నది. కావున ఈ కూలి యెట్లేర్పడెనో, ఏల పడిపోవుచున్నదో, అందువలన పనివారి నడవడికయు పని యిచ్చువారి నడవడికయు నేమగుచున్నదో విచారించుట అనువాదకులకు మాత్రమే పట్టిన సంగతి కాదని మా తలంపు.

ముద్రణాలయములు ప్రబలిన పిమ్మట అనువాదము అంగడిసరకైన విధము తెలిసికొనవలెనన్న పదునెనిమిదవ శతాబ్దపు లండనునగరమును జూడవలెను. 1735లో శామ్యూలు జాన్సను, అప్పటికి పేరులేని యువకుడు, లోబో యను పోర్చుగీసు మతగురువు వ్రాసిన అబిసీనియా యాత్రావృత్తాంతమును ఫ్రెంచిభాషనుండి యింగ్లీషు చేసి, ఒక పుస్తకవర్తకునివలన ఐదుగినీలు పుచ్చుకొనెను. పోపుకవి హోమరుని ఇలియడుకావ్యమును 1715 మొదలు 1720 వఱకు ఆఱు సంపుటములుగా తర్జుమా చేసి, చందాదారుల మూలమున ఐదువేల పౌనులకు పైగా ఆర్జించెను. గ్రంథములు భిన్నములు, శ్రమలు భిన్నములు, నిజమే. అయినను వేయిరెట్ల భేదము శ్రమలోని భేదము కాదు. ఒకడు చందాదారులను తానే సమకూర్చుకొన్నాడు. రెండవవాడు వర్తకుడు చెప్పిన ధరకు చేయిచాచినాడు.

ఐతే ధర నిర్ణయించుకొనగలిగినవాడు ధర్మమును గూడ కాపాడెనా యనిన, లేదు. ఒడిస్సీకావ్యమునందలి 24 ఆశ్వాసములలో పోపు చేసినవి 12 మాత్రమే. తక్కినవానిలో ఎనిమిది బ్రూము, నాలుగు ఫెంటను చేసిరి. లోకమునకు మాత్రము ఆ యిరువురును చేసిన వైదే యని బ్రూముచేతనే చెప్పించిరి. నేడు ఒకరి పేర పని పుచ్చుకొని, తక్కువకూలికి మఱియొకరిచేత చేయించి, ఆ సంగతి దాచువారు పలువురు కలరు. వారికి మూలపురుషుడు మహాకవియే యని చెప్పుటకు చింతించుచున్నాము.

కడజాతి పనివాని గతి యింకను దీనము. ఎడ్మండు కర్లు అను పుస్తకవర్తకుని అనువాదకులు హోబరనువీధిలోని యొక సత్రమున ఒక్కొక్క పడకపై మువ్వురు చొప్పున పండుకొనెడివారని థామసు ఎమరీ వ్రాసియున్నాడు. 1730లో ఫీల్డింగు రచించిన ప్రహసనమున నొక అనువాదకుడు పనికొఱకు పుస్తకవర్తకుని యొద్దకు వచ్చును. వర్జిలుకావ్యమును తర్జుమా చేసితినని చెప్పును. లాటినుభాష వచ్చునా యనిన, రాదనును. మఱి యెట్లు చేసితివనగా, డ్రైడను చేసిన యింగ్లీషు తర్జుమానుండియే చేసితి ననును. వర్తకు డంతమాత్రమున వానిని వెళ్లగొట్టడు. ఇట్టి తెలివిగలవాడే తనకు కావలయునని సంతోషించును. నవ్వుపుట్టింపవలెనని వ్రాసిన యీ ఘట్టములో తక్కువకూలి శాస్త్రమంతయు నిమిడియున్నది. కూలి యింతగా దిగినపుడు మూలమును జదివి పనిచేయుటకు తీరిక యుండదు. తీరిక లేనివాడు మఱియొకరి తర్జుమాను తిరుగవ్రాయును. ధరయే చూచుకొను వర్తకునికి ఈ మోసము సమ్మతమే. మోసపోవువాడు చదువరి యొక్కడే.

మనదేశపు సంగతి కొంత భిన్నము. ఇచట దొరతనమువారి కొలువున తర్జుమాపనికి నెలజీత మిచ్చెడి వాడుక యుండెను. ఏలూరివారగు కావలి వెంకటబొఱ్ఱయ్యయు, ఆయన తమ్ముడు లక్ష్మయ్యయు కాలిను మెకంజీ దొరకడ పనిచేసి శాసనములను, స్థలచరిత్రలను, కైఫీయతులను సేకరించి యింగ్లీషు చేసి యిచ్చిరి. 1803లో బొఱ్ఱయ్య చిన్నవయసుననే మరణించెను. లక్ష్మయ్య అన్నపనిని తాను తలకెత్తుకొనెను. 1821లో మెకంజీ మరణింపగా ఈస్టిండియా కంపెనీవా రా సేకరణమును పదివేల పౌనులకు కొనిరి. ఆ సొమ్ము దొర భార్యకు చేరెను. ఇంతవఱకు న్యాయమే యనుకొందము. అటుపిమ్మట 1830వ దశకమున లక్ష్మయ్య, మిగిలిన పనిని తాను సాగించెదనని విన్నవించుకొనగా, బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారు విచారించి, లక్ష్మయ్యకే కాదు, ఈ దేశస్థు డెవనికిని ఇట్టి పనికి వలసిన యోగ్యత లేదని అభిప్రాయమిచ్చిరి. పని విలియం టేలరను మతబోధకునికి పోయెను. ఏ మనుష్యుని మెదడుద్వారా ఆ భాండారములో పెద్దపాలు ఇంగ్లీషులోనికి వచ్చెనో, ఆ మనుష్యుడే దానిని జదువుటకు అనర్హు డయ్యెను!

ఈ కథను మేము పాతపగ తీర్చుకొనుటకు చెప్పుట లేదు. పనిని జూడక పనివాని యూరిని జూచి వెలకట్టు బుద్ధి ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది. ఇప్పుడు అంతర్జాలమునందు అదే యింగ్లీషు పుటను అదే తెలుగులోనికి తెచ్చు పనికి, అమెరికాలోనున్న తెలుగువాని కొక ధరయు, గుంటూరులోనున్నవాని కొక ధరయు చెప్పుట వింత కాదు. మీ దేశమున బ్రదుకు చౌక కదా యని సమాధానము. సరకు అదే, కొనువాడును అదే. అనువాదకుని యింటి అద్దె తక్కువైనంత మాత్రమున ఆ తగ్గింపు లాభము కొనువానికి చెందవలె ననుటకు కారణ మేమియో మాకు తోచలేదు.

జీతముపై నుండి అనువదించుటకు ఇటీవలికాలపు ఉదాహరణము మాస్కోనగరము. సోవియటు ప్రచురణాలయములు తెలుగువారిని పిలిపించుకొని కొలువిచ్చెను. ఉప్పల లక్ష్మణరావుగా రట్లు మాస్కోలో నుండి పనిచేసినవారే. ఆ పుస్తకముల యుద్దేశమును గూర్చి యెవరి యభిప్రాయము వారిది. 1991లో సోవియటురాజ్యముతోడనే ఆ యేర్పాటును అంతరించెను.

ఇక అంతర్జాలపు సంతలకు వత్తము. 1999లో న్యూయార్కురాష్ట్రపు సిరక్యూసుపట్టణమున ప్రోజ్ అను అనువాదకుల స్థలము వెలసినది. ఆ కాలముననే ఈలాన్సు, 2003లో ఓడెస్కు అను సర్వవృత్తుల సంతలు పుట్టి, తరువాత రెండును కలిసి 2015లో అప్‌వర్కు అను పేరు ధరించెను. వీనివలన గలిగిన మేలును మఱువరాదు. పల్లెటూరివాడు పట్టణమునకు పోనక్కఱలేక, సిఫారసు లేక, కులగోత్రములు చెప్పనక్కఱ లేక పని సంపాదింపగలిగెను. సరిగా సొమ్ము చెల్లింపని పనిదారులెవరో తెలిసికొనుటకు, అనువాదకులు తమ యనుభవమును వ్రాసి యుంచెడి పట్టికను ప్రోజువారు నడపుట మెచ్చదగినది. చిక్కంతయు వేలములో నున్నది. మన యూళ్లలోని వేలము ధరను పెంచును. ఈ వేలము దించును. పని యిచ్చువాడు పదముల సంఖ్యను గడువును ప్రకటించును, నూర్గురు పాడుదురు, కడపటివాడు పాడిన ధరయే మఱునాటి పనికి మొదటిధర యగును. ప్రక్కవా డెంత చెప్పెనో, ఏల చెప్పెనో, ఆకలిచేత చెప్పెనో, భాష రాకయే చెప్పెనో తెలియదు.

అట్లైన అనువాదకులందఱు కూడి ఇంతకు తగ్గరాదని కట్టుబాటు చేసికొనరాదా యని మన చదువరులు తప్పక యడుగుదురు. ఇచటనే చరిత్ర మిక్కిలి విచిత్రమైన మలుపు తిరిగినది. 1953లో ప్యారిసునగరమున అంతర్జాతీయ అనువాదకసమాఖ్య యేర్పడెను. 1963లో దుబ్రోవ్నికునందు అది యొక ధర్మపత్రమును అంగీకరించెను. వృత్తిసంఘములు నిర్ణయించిన ధరకు తక్కువగా అనువాదకు డంగీకరింపరాదనియు, అక్రమమైన పోటీకి దిగరాదనియు, తనకు అవమానకరమగు షరతులకు లోబడరాదనియు అందు గలదు. 1994 జూలైలో ఓస్లోనగరమున ఆ పత్రమును సవరించిరి గాని యీ భావమును తీసివేయలేదు. ఆ 1994వ సంవత్సరముననే అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు, దుబాసీలకును అనువాదకులకును సంబంధించిన రెండుసంఘములచేత, ఇకముందు ధరలు నిర్ణయింపమని ఒడంబడిక వ్రాయించుకొనిరి. జెనీవాలో ముఖ్యస్థానముగల సమావేశదుబాసీల సంఘముపై వ్యాజ్యము తెచ్చి, 1997లో, ఆ సంఘము కూలిధరలు స్థిరపఱచుట పోటీచట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. ఒకచోట ధర్మమని వ్రాసినది వేఱొకచోట కుట్ర యయ్యెను. కారణము సులభము. కర్మాగారమున పనిచేయువాడు కూలివాడు. అతడు సంఘము కట్టుకొనవచ్చును. ఇంటనుండి పనిచేయు అనువాదకుడు చట్టముదృష్టిలో వర్తకుడు. వర్తకులు ధరలు కూడబలుకుకొనుట నేరము. ఒకపూట కూలి దొరకనిచో పస్తుండెడి యీ వర్తకుని, నూనెగనుల యధిపతులతో సమముగా నెంచుట చట్టమునకు సుకరము కావచ్చును, వాస్తవమునకు దూరము.

ధర దిగుటకు వేఱొక త్రోవ ధరయే లేకుండ చేయుట. 2008లో ఫేస్‌బుక్కువారు తమ స్థలమును సభ్యులచేతనే ఉచితముగా తర్జుమా చేయింపసాగిరి. ఫ్రెంచిభాష ఒక్కదినములో ముగిసినది. 2009లో తెలుగును ఆ వరుసలో చేరినది. ఆ యేడే లింక్డిన్ అను ఉద్యోగార్థుల స్థలమువారు తమ సభ్యులైన అనువాదకులకు ప్రశ్నావళి పంపి, మా స్థలమును మీమీ భాషలలోనికి మార్చుటకు మీకేమి ప్రోత్సాహము కావలయునని యడిగిరి. వారు చూపిన ప్రత్యుత్తరములలో వినోదము కలదు, కీర్తి కలదు, సొమ్ము మాత్రము లేదు. అమెరికా అనువాదకసంఘాధ్యక్షుడు నిరసనలేఖ వ్రాసెను. ఉచితసేవ తప్పని మే మనుట లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఉచితసేవతోనే పెరిగినది. దాని నెవ్వరును అమ్ముకొనుట లేదు. సత్రములో వడ్డించుట పుణ్యము. పూటకూళ్లయింటిలో ఊరక వడ్డింపుమని పిలుచుట మఱియొకటి.

పదముల లెక్కలోనే మన భాషకు ప్రత్యేకముగా తగులు నష్టమొకటి కలదు. ఇంగ్లీషున “ఐ షల్ నాట్ బి ఏబుల్ టు కమ్” అను ఏడుపదముల వాక్యము తెలుగున “రాజాలను” అను నొక్కమాట యగును. మూలమునందలి పదములను లెక్కించిన ఏడింటికి కూలి. తెలుగుపదములను లెక్కించిన ఒక్కదానికే. విభక్తులును క్రియాప్రత్యయములును మాటలో కలిసిపోవు మన భాషలో క్లుప్తముగా వ్రాయుట గుణము. తెలుగుపదములను లెక్కించువాని చేతిలో ఆ గుణమునకు జుల్మానా. అందుచేత కొందఱు “నేను వచ్చుటకు సమర్థుడను కాకపోవుదును” అని సాగదీయుదురు. చదువరులు మొగము చిట్లించుకొను తెలుగు కొంత యిట్లు పుట్టినదే.

ఇంతకంటె సూక్ష్మమైనది జ్ఞాపకయంత్రపు లెక్క. జర్మనీలోని స్టట్‌గార్టునందు 1984లో ట్రాడోసు అను సంస్థ పుట్టెను. వారు పిమ్మట వెలువరించిన సాధనము, అనువాదకుడు మునుపు చేసిన వాక్యములను గుర్తుంచుకొని, అట్టి వాక్యమే మరల వచ్చినపుడు చూపించును. శ్రమ తగ్గినందుకు అనువాదకుడు సంతసించెను. మఱికొన్నాళ్లకు మధ్యవర్తులు, పోలికగల వాక్యములకు పోలికను బట్టి కూలి తగ్గింతుమనిరి. పూర్తిగా పోలినవానికి కొందఱు ఏమియు నీయమనిరి. సాధనమునకు సొమ్ము పెట్టినవాడు అనువాదకుడు, లాభము పుచ్చుకొన్నవాడు మధ్యవర్తి. కాని “ఈ మందును భోజనమునకు ముందు పుచ్చుకొనవలెను”, “ఈ మందును భోజనమునకు ముందు పుచ్చుకొనరాదు” అను రెండువాక్యములును యంత్రపుదృష్టిలో మిక్కిలి దగ్గఱవి. ఆ తుది ప్రత్యయమును చూచుటకు వాక్యమంతయు చదువవలెను. చదివినందుకు కూలి లేదు. చదువకున్న రోగికి అపాయము. ఈ రెంటినడుమ అనువాదకుని మనస్సాక్షిని నిలిపి, దానికి తగ్గింపుధర యని పేరు పెట్టిరి.

2011 జూనులో గూగులుయంత్రము తెలుగును నేర్చినది. 2017లో నూతనపద్ధతిని అవలంబించి మిగుల మెఱుగైనది. అప్పటినుండి తర్జుమా చేయుమనుటకు మాఱుగా, యంత్రము చేసినదానిని దిద్దుమనుట పెరిగినది. దిద్దుటకు కూలి మఱియు తక్కువ. యంత్రము తప్పులు చేయుటలో బాగుగా చదువుకొన్నవానివలె నుండును. దాని వాక్యము సొంపుగానే యుండును, అర్థము తలక్రిందై యుండవచ్చును. ఫీల్డింగు ప్రహసనములోని అనువాదకుడు నేడు మరల పుట్టినాడు: మూలము చూడడు, యంత్రమున వేసి తీసినదానిని తన పని యని పంపును. పాపము వానిది కాదని మే మనము. మర్మముగా నుంచవలసిన వైద్యపత్రములను, వ్యాజ్యపు కాగితములను అనుజ్ఞ లేక అట్టి యంత్రములకు అప్పగించుట ద్రోహమే. అయినను లెక్క చూడుడు. జాగ్రత్తగా పనిచేయువాడు దినమునకు రెండువేల పదములు తర్జుమా చేయునని ఈ వృత్తిలో సాధారణముగా నెన్నుదురు. పదమునకు రూపాయి యైన రెండువేలు. పావలా యైన ఐదునూర్లు. ఆ రెండువేలు మరల రావలెనన్న దినమునకు ఎనిమిదివేల పదములు చేయవలెను. ఎనిమిదివేల పదములను చదివి, ఆలోచించి, వ్రాయగల మనుష్యుడు లేడు. పావలాకు పని యిచ్చువాడు ఈ లెక్క యెఱుగనివాడా?

పని యిచ్చువారి యక్రమములు వేఱుగా చెప్పవలెను. పరీక్షకొఱకని యొక గ్రంథమును ముక్కలుచేసి పదిమందికి పంచి, అంతయు ఉచితముగా చేయించుకొను నేర్పరులు కలరు. పని పుచ్చుకొని మాయమగువారు కలరు. అనువాదకుల యోగ్యతాపత్రములను దొంగిలించి, చిరునామా మాత్రము మార్చి, వారి పేర పని సంపాదించు ముఠాలు గలవు. అసలువాని పేరు చెడును, వానికి తెలియనైన తెలియదు. అంతర్జాతీయ శ్రామికసంస్థవారు 2018లో ప్రకటించిన విచారణ అనువాదమును గూర్చి ప్రత్యేకించినది కాదు, అంతర్జాలమున చిల్లరపనులు చేయువారిని గూర్చినది; అయినను అందొక సంగతి ఇచటికి పనికివచ్చును. పనిచేసిన గంటకు సగటున 4 డాలర్ల 43 సెంట్లు వచ్చుచున్నను, పని వెదకుటకును పరీక్షలకును పోవు ఉచితకాలమును గూడ లెక్కించిన 3 డాలర్ల 31 సెంట్లే మిగులుచున్నదని వారు తేల్చిరి. వేలము పాడుటకు పట్టిన కాలమునకు కూలి యిచ్చువా డెందును లేడు.

చట్టములు మెల్లగా కదలుచున్నవి. 1976 నవంబరులో నైరోబీనగరమున యునెస్కోవారు చేసిన సిఫారసు, అనువాదకునితో వ్రాతమూలకమైన ఒడంబడిక యుండవలెననియు, న్యాయమైన ప్రతిఫలమును తగిన గడువును ఈయవలెననియు, సాధారణముగా మాతృభాషలోనికే అనువదింపవలెననియు చెప్పినది. అది సిఫారసు మాత్రమే. 2022 సెప్టెంబరులో ఐరోపాసమాఖ్యవారు, ఒంటరిగా పనిచేయు స్వతంత్రవృత్తిదారులు కొన్ని సందర్భములలో కూడి బేరమాడుట పోటీచట్టమునకు విరుద్ధము కాదని మార్గదర్శకములు వెలువరించిరి. అమెరికాలో 1994లో మూసిన తలుపును ఐరోపాలో 28 ఏండ్లకు కొంచెము తెఱచుట యిది. మనదేశమున 2020నాటి సాంఘికభద్రతాస్మృతి ఇట్టి సంతలద్వారా పనిచేయువారిని తొలిసారి చట్టమున పేర్కొని, సంతలవారు తమ యేటి రాబడిలో నూటి కొకటి రెండుపాళ్లు వారి క్షేమనిధికి చెల్లించునట్లు చెప్పినది. కూలి యెంతయో చెప్పలేదు. 2002నాటి పోటీచట్టము మాత్రము, ఒకేవృత్తివారు ధరలు కూడబలుకుకొనుటను దోషముగనే యెంచుచున్నది.

ఈ లోపల ఇంటిపట్టున నీ పని చేయదలచిన సోదరీసోదరులు పనికి చేయిపెట్టకముందే వ్రాతమూలమున అడిగి యుంచుకొనవలసిన వేవనగా: లెక్కించునది ఏ భాషాపదములను, పోలికవాక్యములకు తగ్గింపు గలదా, ఉన్న నెంత, యంత్రమును వాడుటకు అనుజ్ఞ గలదా లేదా, సొమ్ము ఎన్నాళ్లకు చేరును, తర్జుమాపై తమ పేరుండునా. పరీక్షకొఱకు ఒకపుట మించి అడిగినవారిని దానికి వేఱుగా ధర చెప్పుడనవలెను. తర్జుమా చేయించు పాఠశాలలును ఆసుపత్రులును ప్రకాశకులును తాము మధ్యవర్తికిచ్చు సొమ్ములో అనువాదకునకు చేరునది యెంతయో ఒకమాఱు విచారించి చూడవలెను.